బెయిలు సంగతి బాధితురాలికి వెంటనే తెలియజేయండి

గౌరవనీయులైన జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. మా వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో ఈ లేఖను ప్రజల ముందు ఉంచుతున్నాను.

మా అక్కపై హత్యాయత్నం కేసులో నిందితుడైన ఆమె భర్తకు బెయిలు వచ్చింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర చిల్లర తీసుకుని తలెత్తేసరికి ఎదురుగా అతను. అప్పటినుంచి ఆమె పనికి వెళ్లడం లేదు, పాపను బడికి పంపడం లేదు.

బెయిలు ఇవ్వడం న్యాయస్థానం అధికారం, దాన్ని ప్రశ్నించను. అయితే, మరో కేసులో బెయిలు కావాలంటే నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న మధ్యప్రదేశ్ హైకోర్టు షరతును 2021 మార్చి 18న కొట్టివేసిన సుప్రీంకోర్టు, బెయిలు మంజూరైన వెంటనే ఫిర్యాదుదారుకు తెలపాలని, ఉత్తర్వు ప్రతిని రెండు రోజుల్లో ఇవ్వాలని చెప్పింది.

ప్రతి స్టేషన్‌లో ఈ బాధ్యతను ఒక అధికారికి అప్పగించండి. అక్కకు ఆ ప్రతి ఇప్పించి, రక్షణ కల్పించండి.

ఇట్లు,
ఒక చెల్లెలు