మంగళం కాగానే వేదికెక్కొద్దు

సంపాదకులు గారికి,

కర్ణాటక సంగీత కచేరీలో మంగళం పాడీ పాడగానే అభిమానులు వేదిక మీదికి ఎగబడుతున్నారు. సరిగ్గా అప్పుడే మృదంగ విద్వాంసులు మృదంగం ఎడమ ముఖమైన తొప్పికి అద్దిన రవ్వముద్దను గీకి తీయాలి. అలాగే వదిలేస్తే చర్మం పాడవుతుంది. వయొలిన్ వారు తీగల మీద ఆడించే కమాను బిగువు సడలించి పెట్టెలో పెట్టుకోవాలి. దాని వెంట్రుకలను ఎవరూ ముట్టుకోకూడదు. వేళ్ల జిడ్డు అంటితే, పట్టు కోసం వాటికి రుద్దే రోజిన్ అనే జిగురు పదార్థం అంటుకోదు, కమాను తీగ మీద జారిపోతుంది. కాబట్టి పది నిమిషాలు ఆగండి.

గాయకులతో మాటలు పెంచొద్దు, గంటల తరబడి పాడిన గొంతు కదా! నచ్చిన కృతి, రాగం పేరు చెబితే చాలు. పక్కవాద్యాల వారిని పలకరించకుండా వచ్చేయడం మాత్రం అమర్యాదే. నిర్వాహకులు మెట్ల దగ్గర ఒక వాలంటీరును నిలిపితే తోపులాట చాలావరకు తగ్గుతుంది.

– ఒక శ్రోత, విజయవాడ