ముందు హద్దురాళ్లు, ఆ తరువాతే పడవలు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు చుట్టుపక్కల చిన్న ఊళ్లలో చెరువులను విహార స్థలాలుగా తీర్చిదిద్దాలన్న ఆలోచన ఈ మధ్య బాగా ఊపందుకుంది. మా ఊరి పెద్దచెరువుకు కూడా నడకదారి, పిల్లల ఆటస్థలం, రంగుదీపాలు, పడవ షికారు, తినుబండారాల దుకాణాలతో ఒక ప్రతిపాదన తయారైంది. దాని నమూనా చిత్రాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించారు కూడా. ఈ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. గుడి అరుగు, బస్టాండు బల్ల తప్ప సాయంత్రం కాసేపు కూర్చోవడానికి చోటే లేని ఊళ్లో, ముఖ్యంగా ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, నీటి ఒడ్డున నాలుగడుగులు వేసే వీలు కల్పిస్తామంటే ఎవరు కాదంటారు? అయితే ఆ చిత్రంలో చెరువు చుట్టూ గీసిన నడకదారి పూర్తి నీటిమట్టానికి బయట పడుతుందో లోపల పడుతుందో ఎక్కడా రాయలేదు. నా అభ్యంతరం అక్కడే.

చెరువుకు కట్ట ఒకవైపే ఉంటుంది. మిగిలిన వైపుల నేల వాలే దానికి హద్దు. వానలు బాగా పడిన ఏడాది నీరు పైదాకా పరుచుకుంటుంది, వేసవి వచ్చేసరికి సగానికి కుంగుతుంది. అప్పుడు తేలిన నేలలో గేదెలు మేస్తాయి, కొందరు దోసపాదులు పెట్టుకుంటారు. ఊరికి కొత్తగా వచ్చినవారికి అదంతా ఖాళీ స్థలంగానే కనిపిస్తుంది. నమూనా చిత్రం గీసినవారు కూడా ఏ మే నెలలోనో వచ్చి చూసి వెళ్లి ఉంటారని నా అనుమానం. ఆ వేసవి నీటి అంచు వెంబడే మట్టిపోసి, రాయి పేర్చి, చుట్టూ దారి వేస్తే, దానికి అవతల మిగిలిన నేల చెరువు నుంచి శాశ్వతంగా తెగిపోతుంది, కొన్నాళ్లకు అందులో ప్లాట్ల రాళ్లు లేస్తాయి. ‘లేక్ వ్యూ’ అని పేరుపెట్టి వెంచరు వేయడం తేలికే గానీ, చివరి ఇంటికి గృహప్రవేశం జరిగేనాటికి చూడడానికి లేక్ మిగలాలి కదా!

నీటిపారుదల శాఖలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ హద్దు తేల్చడం పెద్ద విద్యేమీ కాదు. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే గోడే అలుగు. దాని పైఅంచు ఎంత ఎత్తున ఉందో అదే చెరువు పూర్తి నీటిమట్టం. ఆ ఎత్తును లెవెల్ యంత్రంతో చెరువు చుట్టూ తీసుకువెళ్లి, అది నేలకు తగిలిన చోటల్లా ఒక రాయి పాతుకుంటూ పోతే హద్దు అందరి కళ్లకూ కనబడుతుంది. శాఖ దగ్గర ఉండే చెరువు మెమోయిరుతోనూ (చెరువు వివరాల దస్తావేజు), రెవెన్యూవారి గ్రామపటంతోనూ దాన్ని సరిచూసుకోవచ్చు. అయితే కొలతకు దిగే ముందు అలుగునే ఒకసారి పరీక్షగా చూడాలి. మా చెరువు అలుగుకు ఒక కొసన పైవరస రాళ్లను ఎవరో ఊడబెరికారు. పైవైపు స్థలాల్లోకి నీరు ఎక్కకుండా ముందే జారిపోవాలని చేసిన పని అది. మిగతా పొడవునా చేపల పాట దక్కించుకున్నవారు, వరదకు చేపలు కొట్టుకుపోకుండా వెదురు తడికెలు, వలలు బిగించారు. వాటికి గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, పూజల దండలు అడ్డంపడి గోడలా పేరుకున్నాయి. అంటే అదే అలుగు ఒక కొసన చెరువును నిండనివ్వదు, మిగతా చోట వరదను పోనివ్వదు. పగిలిన కొస ఎత్తును ప్రమాణంగా తీసుకుని సర్వే చేస్తే ఆక్రమణకు సర్కారు ముద్ర వేసినట్టే అవుతుంది. కాబట్టి ముందు అలుగును పాత ఎత్తుకు కట్టాలి, కొలత ఆ తరువాతి మాట.

చట్టం ఇందుకు అనుకూలంగానే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెరువుల హద్దులను శాశ్వతంగా గుర్తించాలని, ఆక్రమణలను తొలగించాలని చెబుతోంది. చెరువు భూమిని ఇళ్లస్థలాలుగా పంచడం చెల్లదని 2001లో, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను ఖాళీ చేయించేందుకు రాష్ట్రాలన్నీ పథకాలు రూపొందించాలని 2011లో సుప్రీంకోర్టు తీర్పులు ఇచ్చింది. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదిలి కట్టుకోవాలన్నాయి. నడకదారికి, పచ్చికకు, బల్లలకు తగిన చోటు అలా వదిలిన పట్టీయే. విహారానికి చోటు కావాలంటే చెరువును కుదించనక్కర్లేదు, ఆ పట్టీని ఖాళీ చేయిస్తే చాలు. నీటి దారి ఇరుకైతే ఏమవుతుందో 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌లో చూపించింది.

కట్ట సంగతి కూడా ప్రతిపాదనలో తేలికగా తీసుకున్నారు. కట్ట మీద పెద్ద చెట్లు నాటి, లోపలి వాలును చెక్కి దుకాణాలకు మెట్లమెట్లుగా చోటు చేస్తారట. మట్టికట్ట మీద చెట్టు చచ్చిపోతే దాని వేళ్లు కుళ్లిన దారినే నీరు ఊరుతుందని మా శాఖలో కాలువలు, తూములు చూసుకునే లష్కరుకు కూడా తెలుసు. నీడ కావాలంటే కట్టకు దిగువన, కాస్త ఎడంగా, కానుగలు, నేరేడులు వేయండి. బజ్జీల బండ్లను కూడా అక్కడే నిలబెట్టి, చెత్తబుట్టలు, మరుగుదొడ్లు దగ్గరే ఏర్పాటు చేస్తే విస్తళ్లు, కప్పులు నీళ్లలోకి రావు. లోపలివైపు అంతటా నున్నని రాయి పరిచేస్తే రేవులు పోతాయి. కార్తీకంలో అరటిదొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్లు, బట్టలు ఉతికేవారు, గేదెలను కడిగేవారు దిగడానికి మెట్లు, వాలు రేవులు వదలాలి. వాళ్లు ఈ చెరువుకు అతిథులు కారు. రాత్రంతా రంగుదీపాలు వెలిగించడమూ అనవసరమే. గుంటూరుకు దగ్గర్లోని ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుంటున్నాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసేది వాటినే, రంగుదీపాలను కాదు.

ఇక పడవలు. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఊరి చెరువే కదా అని లైఫ్‌జాకెట్లు లేకుండా, ఎంతమందిని ఎక్కించాలో పడవ మీద రాయకుండా నడిపించకూడదు. ఆ పనిని బయటి గుత్తేదారుకు ఇవ్వడం కన్నా, లోతులు తెలిసిన మా ఊరి మత్స్యకార కుటుంబాల యువకులకు శిక్షణ ఇచ్చి అప్పగిస్తే వాళ్లకు జీతమూ దొరుకుతుంది, ఎక్కినవారికి భరోసా కూడా ఉంటుంది. అన్నట్టు, మురుగు కాలువలు రెండు నేరుగా చెరువులోనే కలుస్తున్నాయి. వాటిని మళ్లించకుండా పడవలు దింపితే ఎక్కేవాళ్లు ముక్కు మూసుకుని కూర్చోవలసిందే.

టెండరు పిలవకముందే అలుగును బాగుచేయించి, సర్వే జరిపించి, హద్దురాళ్లు పాతించి, ఆ పటాన్ని నమూనా చిత్రం పక్కనే అదే గోడకు అంటించి, గ్రామసభలో ఆయకట్టు రైతుల ముందు, మత్స్యకారుల ముందు చదివి వినిపించాలని అధికారులను కోరుతున్నాను. వానలు మొదలయ్యేలోగా పూర్తిచేయదగ్గ పని ఇది.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
గుంటూరు జిల్లా.