సన్‌స్క్రీన్ కొలత కూడా రాయండి

సంపాదకుడు గారికి,

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో నాతో పనిచేసే ఒకాయనకి ముక్కు మీద చర్మ క్యాన్సర్ తీసేశారు, అయినా ఆయన సన్‌స్క్రీన్ రాసుకునే తీరు చూస్తే నాకు టెన్షన్: బఠాణీ గింజంత తీసి బుగ్గలకు పూసుకుని బయల్దేరతాడు, చెవులు, మెడ వెనక, కుట్లు పడ్డ ముక్కు పక్క మడత అన్నీ వదిలేసి. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 అని వేసేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి పరీక్షించిన లెక్క. అంత పల్చగా రాస్తే ఆ 50 ఎక్కడిది? ఇక్కడ చెప్పే కొలత ముఖం, మెడ, చెవులకి కలిపి ఒక టీస్పూను, ఒళ్లంతా అయితే 7, అదీ ఎండలోకి వెళ్లే 20 నిమిషాల ముందు, ఆపైన రెండు గంటలకోసారి. చర్మ క్యాన్సర్ ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ, టోపీ, పొడుగు చేతుల చొక్కా ఎలాగూ ఉండాలి. మీ ఆరోగ్యం పేజీలో సన్‌స్క్రీన్‌ని తెల్లబడే క్రీముల పక్కనే వేస్తారు గానీ ఎంత రాయాలో చెప్పరు, ఈసారైనా చెప్పండి.

ఒక పాఠకురాలు, బ్రిస్బేన్