ఊదే పరీక్ష చేసిన ఆ అమ్మాయికి

నాన్నని నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. 9 రోజులుగా సరైన నిద్ర లేదు, ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

అక్క, బావ, మా ఆవిడ ఎంత చేశారో మాకు తెలుసు. ఇది స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదే పరీక్ష, చేసే గదిలోని అమ్మాయి కోసం. పేరు కూడా అడగలేదు.

ఆ పరీక్షలో గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున వదిలి, కనీసం 6 సెకన్లు ఊదుతూనే ఉండాలి. మూడోసారికి నాన్నకి దగ్గు ఆగలేదు. కఫం ఆ అమ్మాయి చేతి మీద పడింది. ఆయన తల దించేసుకున్నారు. 2 ఏళ్లుగా ఆయన దగ్గితే చుట్టాలే కుర్చీ జరుపుకునేవాళ్లు మరి. ఆ అమ్మాయి గ్లౌజు మార్చుకుని, మంచినీళ్లిచ్చి, "ఈ గదికొచ్చి దగ్గనివాళ్లు లేరు బాబాయ్ గారూ, తొందరేం లేదు" అంది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చేశాను.

మందు పీల్పించి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదించింది. అప్పటికీ మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తంలో 70 శాతం లేదు. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు, అన్నారు డాక్టరుగారు. అంతా అయ్యాక ఆ అమ్మాయి "ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో చూపించండి" అంది. చూస్తే మందంతా పొగలా నోట్లోంచి బయటికే! ముందు ఊపిరి వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టడం ఖాళీ డబ్బాతో నాలుగుసార్లు చేయించింది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. 2 ఏళ్లలో ఎన్ని ఎక్స్‌రేలు, ఎన్ని సిరప్‌లు! టీబీ కాదని తేలాక కూడా యాంటీబయాటిక్సే. ఎక్స్‌రే బాగున్నా ఈ జబ్బు ఉండొచ్చట. అరగంట పట్టే ఊదే పరీక్ష ఒక్కరూ రాయలేదు. ఇన్‌హేలర్ రాసినవాళ్లు ఆయన ఎలా పీలుస్తున్నారో చూడలేదు. నేనూ చూడలేదనుకోండి.

అయ్యో, నైట్ డ్యూటీ నర్సుగారిని మర్చిపోయాను. రక్తంలో ఆక్సిజన్ 90 శాతమే చూపిస్తోందని కంగారుపడి, పెట్టిన ఆక్సిజన్‌ని నేనే పెంచేస్తే, చివాట్లు పెట్టి తగ్గించారు. నాన్నలాంటివాళ్లకి 88 నుంచి 92 చాలట, మరీ పెంచితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందట. వీల్‌చైర్ తోసిన తాతగారికీ దండాలు. పక్క బెడ్ అమ్మగారి అబ్బాయీ, నీ ఛార్జర్ నా బ్యాగులోనే ఉండిపోయింది. ఇది చూస్తే ఒక మెసేజ్ పెట్టు తమ్ముడూ.