ఆటలో అరటిపండుకీ మన దగ్గర కుర్చీ ఉంది

మన గేమింగ్ సెంటర్‌కి వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే అన్నలకి నమస్కారం. వచ్చే సోమవారం నుంచి కొన్ని పద్ధతులు మారుస్తున్నాను. గోడకి ఒక కాగితం అంటించి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు మారుస్తున్నానో మీకు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

బెంగళూరు మారతహళ్ళిలో ఈ సెంటర్ తెరిచి నాలుగేళ్ళయింది. పద్నాలుగు సిస్టమ్స్. మొదట్లో వచ్చినవాళ్ళంతా చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన తెలుగు కుర్రాళ్ళే. శనివారం బట్టలుతుక్కుని, ఆంధ్రా మెస్‌లో కడుపునిండా తిని, ఓ గంట ఆడుకుని పోయేవాళ్ళు. నలభై దాటిన ఒకాయన ఇప్పటికీ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కోసమే వస్తారు. కాలేజీ హాస్టల్‌లో ఆడిన ఆట అది. ఆ తర్వాత వాలరెంట్ టీమ్‌లు రావడం మొదలైంది. ఐదుగురు ఒక జట్టుగా, ఇంకో ఐదుగురి మీద ఆన్‌లైన్‌లో ఆడే తుపాకుల ఆట అది. ఐదుగురు కలిసి నెల ప్యాకేజీ తీసుకుని, ఆఫీసు అయ్యాక రోజూ మూడు నాలుగు గంటలు ప్రాక్టీస్ చేసేవాళ్ళు. నాకు చాలా సంతోషమేసింది. మన సెంటర్ నుంచి ఒక టీమ్ టోర్నమెంట్‌కి వెళ్ళాలని నాకూ ఆశే.

రెండు నెలల కిందట ఒక శనివారం ఆ టీమ్‌లో ఒకతను ఊరెళ్ళాడు. వాలరెంట్ ర్యాంకుడు మ్యాచ్‌లో, అంటే గెలుపోటముల్ని బట్టి ర్యాంకు మారే మ్యాచ్‌లో, నలుగురు జట్టుగా వెళ్ళడానికి వీల్లేదు. ఒక్కరు, ఇద్దరు, ముగ్గురు, లేదంటే పూర్తిగా ఐదుగురు. నలుగురు స్నేహితుల మధ్య తెలియని ఐదోవాడు పడితే ఏమవుతుందో, ఆ రూల్ ఎందుకుందో నాకు ఆ రోజే అర్థమైంది.

తొమ్మిదో సిస్టమ్ మీద ఒక కుర్రాడు ఒంటరిగా ఆడుకుంటున్నాడు. బెంగళూరొచ్చి మూడు నెలలు. బ్రాంజ్ ర్యాంకు, అంటే కింది మెట్లలోదే. "తమ్ముడూ, ఒక్క మ్యాచ్‌కి కూర్చో" అని వీళ్ళే పిలిచారు. అతను మొహమాటపడుతూనే చేరాడు. స్కోరు 11-12. ఇంకో రౌండ్ పోతే మ్యాచ్ పోయినట్టే. మనవాళ్ళు నలుగురూ అవుట్, అవతల ఒక్కడు మిగిలాడు, ఇవతల ఈ కుర్రాడొక్కడే. అవతలివాళ్ళు స్పైక్, అంటే ఆ ఆటలో బాంబు, పెట్టేశారు. పెట్టిన 45 సెకన్లకి అది పేలుతుంది, డిఫ్యూజ్ చెయ్యడానికి, అంటే పేలకుండా ఆపడానికి, 7 సెకన్లు పట్టుకుని ఉండాలి. సగం దాటాక వదిలేసినా ఆ సగం నిలుస్తుంది, సగానికి ముందే వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. మూడు సెకన్లు పట్టుకున్నాడు. వెనక అడుగుల చప్పుడు వినిపించి వదిలేసి తిరిగాడు. స్పైక్ పేలిపోయింది.

"డిఫ్యూజ్ చెయ్యడం రానోడివి ర్యాంకుడు ఎందుకు ఆడతావురా!" అని ఒకతను అరిచాడు. మిగతావాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. ఆ మాటలు ఇక్కడ రాయను. వాళ్ళు పిలిస్తేనే కదా ఆ అబ్బాయి వచ్చింది! అతను హెడ్‌సెట్ తీసి, చెవులకి తగిలే మెత్తని భాగాన్ని చొక్కా చేత్తో తుడిచి, కీబోర్డ్ మీద పెట్టి కౌంటర్ దగ్గరికొచ్చాడు. ఇంకా 35 నిమిషాల టైముంది. "మిగతాది ఎవరికైనా ఇవ్వన్నా" అన్నాడు. నేను "సరే తమ్ముడూ" అన్నాను. అంతే అన్నాను.

అంతా విన్నాను, లేచి ఒక్క మాట అనలేదు. ఎందుకో చెప్తాను. మనిషికి 2,500 చొప్పున ఆ ఐదుగురి ప్యాకేజీ నెలకి 12,500 రూపాయలు. నా అద్దెలో నాలుగో వంతు. ఆ అబ్బాయి ఇచ్చేది గంటకి 80. ఆ లెక్క నా నోరు నొక్కేసింది. అది తప్పు. ఆ తర్వాత అతని పీజీ నుంచి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

టైము గొడవ కూడా అలాంటిదే. ర్యాంకుడు మ్యాచ్‌లో ముందు 13 రౌండ్లు గెలిచినవాళ్ళది విజయం, 12-12 అయితే ఓవర్‌టైమ్. 40 నిమిషాలనుకున్నది గంట దాకా పోవచ్చు. మధ్యలో లేస్తే లేచినవాళ్ళకి పెనాల్టీ, మిగతా నలుగురూ ఐదుగురి మీద ఆడాలి. అందుకని "రెండు రౌండ్లే అన్నా" అంటే ఒప్పుకునేవాణ్ణి. ఆ రెండు రౌండ్లూ ఇరవై నిమిషాలయ్యేవి. ఎనిమిదింటికి బుక్ చేసుకున్న తండ్రీకొడుకులు అంతసేపూ నిలబడే ఉండేవాళ్ళు.

టీమ్ వాళ్ళ మీద నాకు కోపం లేదు. "ఇది టైంపాస్ కాదన్నా, స్పోర్ట్" అంటారు. నిజమే. 2023 హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌కి మెడల్స్ ఇచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని గుర్తించింది. వాళ్ళ ఫిర్యాదుల్లోనూ న్యాయముంది. అడుగుల చప్పుడు విని ఆడాల్సిన ఆటలో వెనక నిలబడి "అటు పోరా, ఇటు పోరా" అని కేకలేస్తే ఎవరికైనా చిరాకే. ఎవరో మధ్యలో పెద్ద గేమ్ డౌన్‌లోడ్ పెడితే పింగ్, అంటే సర్వర్‌కి సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే టైము, 30 మిల్లీసెకన్ల నుంచి 120కి పోయేది, ఆట ఆగి ఆగి నడిచేది. దాన్ని సరిచెయ్యడం నా పని, నేను ఆలస్యం చేశాను.

మాది నంద్యాల. చిన్నప్పుడు మా వీధిలో కార్క్ బాల్ మ్యాచ్ వేరు, టెన్నిస్ బాల్ ఆట వేరు. కార్క్ బాల్ దగ్గరికి చిన్నపిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. టెన్నిస్ బాల్‌లో మాత్రం చంటోడైనా సరే, ఆటలో అరటిపండుగా ఉండేవాడు. అవుటైనా బ్యాట్ లాక్కునేవాళ్ళు కాదు. రెండిటికీ ఒకే గ్రౌండ్, టైములే వేరు.

ఇక్కడా అలాగే చేస్తున్నాను. సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి ఏడు నుంచి పదకొండు వరకు లోపలి గదిలోని ఆరు సిస్టమ్స్ టీమ్‌లవి. వెనక ఎవరూ నిలబడరు. ఆ ఆరింటికీ వేరే ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నాను. శని, ఆదివారాలు ప్యాకేజీ చెల్లదు, ముందు బుక్ చేసుకున్నవాళ్ళదే సీటు. టైము అయిపోవడానికి గంట లోపుంటే ర్యాంకుడు మొదలుపెట్టొద్దు. ఐదు రౌండ్లు గెలిస్తే అయిపోయే స్విఫ్ట్‌ప్లే ఆడుకోండి. మీరు బుక్ చేసుకున్న సీటు ముందువాళ్ళు ఖాళీ చెయ్యడం ఆలస్యమైతే ఆ గంటకి మీ దగ్గర నేను డబ్బు తీసుకోను. ఇక పక్కవాణ్ణి ఆట రాదని తిడితే, తిట్టినవాళ్ళు ఆ రోజుకి లేచి వెళ్ళాలి. ఏ ప్యాకేజీ ఉన్నా సరే.

ఈ సంగతి ముందుగా ఆ టీమ్‌కే చెప్పాను. ఇద్దరు వేరే సెంటర్ చూసుకుంటామన్నారు, ముగ్గురు ఉంటామన్నారు. ఆ రోజు మొదట అరిచినతను ఆ ముగ్గురిలో ఉన్నాడు. ఆ కుర్రాడి నంబర్ అడిగాడు. నా దగ్గర లేదు.

తమ్ముడూ, ఇది నీ దాకా వస్తే, నీ 35 నిమిషాలు రిజిస్టర్‌లో అలాగే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. తొమ్మిదో సిస్టమ్.