మోకాలు వంచితే చాలు

కమ్మింగ్, జార్జియా
అక్టోబరు 11, 2023

నాన్నా,

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నా గొంతు బొంగురుపోయిందని అమ్మ కంగారు పడింది. మిరియాల కషాయం తాగమని రెండుసార్లు చెప్పింది. అది జలుబు కాదు. శనివారం అర్ధరాత్రి అవుతుండగా నేనూ నీ మనవరాలూ కలిసి అరిచిన అరుపులకి పోయిన గొంతు. "దేనికిరా అంత అరుపు?" అని నువ్వు అడిగావు. ఫోన్లో చెబితే సగం నీకు వినబడదు, మిగతా సగం ఫోన్లో చెప్పేది కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఫొటోలు తీసి తమ్ముడికి పంపుతాను, వాడు ప్రింటు తీసిస్తాడు. అక్షరాలు పెద్దగానే రాస్తున్నాను.

అమ్మాయి జార్జియా టెక్‌లో రెండో ఏడు చదువుతోందని నీకు తెలుసు కదా. ఇక్కడి కాలేజీల ఫుట్‌బాల్ అంటే మన కాలేజీ ఆటల పోటీల్లాంటిది అనుకోకు. వేల మంది డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని వస్తారు, టీవీల్లో లైవ్ వస్తుంది, కోచ్‌ల జీతాలు యూనివర్సిటీ ప్రెసిడెంటు జీతాన్ని మించిపోతాయి. నేను చెప్పబోయే కోచ్ మయామీ యూనివర్సిటీ వాడు, మారియో క్రిస్టోబాల్. పదేళ్ళకి ఎనిమిది కోట్ల డాలర్లని పేపర్లలో వచ్చింది. రూపాయల్లోకి మార్చి చూడకు, బీపీ పెరుగుతుంది.

శనివారం ఆట మయామీలో. వాళ్ళు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, దేశంలో పదిహేడో ర్యాంకు. మన టెక్ సంగతి చూస్తే, అంతకు ముందు వారమే సొంత మైదానంలో బౌలింగ్ గ్రీన్ అనే చిన్న జట్టు చేతిలో ఓడింది. అమ్మాయి ఇంటి భోజనం కోసం ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళు గుత్తి వంకాయ కూర లాగిస్తూ, ఎలాగూ ఓడతామని తెలిసిన మొహాలతో కూర్చున్నారు. తీరా చూస్తే మయామీ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టులో బంతి విసిరేవాడు, మూడుసార్లు బంతిని టెక్ వాళ్ళ చేతుల్లోకే విసిరాడు. అంత చేసినా ఆఖర్లో 20-17తో మయామీదే పైచేయి. బంతి వాళ్ళ చేతిలో ఉంది. గడియారంలో నలభై సెకన్లు కూడా లేవు. టెక్ దగ్గర టైమ్‌అవుట్లు అయిపోయాయి.

నేను రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. పొద్దున్న నాలుగున్నరకే చెన్నైలో ఆస్ట్రేలియాతో మ్యాచ్, కాసేపైనా పడుకోవాలి కదా.

ఎందుకు తీసుకున్నానో నీకు కబడ్డీలో చెబితే వెంటనే తెలుస్తుంది. ఒక్క పాయింట్ ముందున్నావు, ఆఖరి కూత నీదే. ఏం చేస్తావు? అవతలి గీత దాటి, కూత ఆపకుండా, ఎవరికీ అందకుండా వెనక్కి వస్తావు. ఎవర్నీ తాకక్కర్లేదు. ఈ ఆటలోనూ అలాంటిదే ఒకటుంది. బంతి అందుకున్నవాడు మోకాలు నేలకి ఆనిస్తాడు. అంతే, ఆ విడత ఆట అక్కడికి చచ్చినట్టు. గడియారం మాత్రం ఆగదు. తర్వాతి విడత మొదలుపెట్టడానికి నలభై సెకన్లు ఇస్తారు, ఇక్కడ మిగిలిందే అంతకన్నా తక్కువ. ఆపమనడానికి అవతలివాళ్ళ దగ్గర టైమ్‌అవుట్ లేదు. ఒక్కసారి మోకాలు వంచితే చాలు, కరచాలనాలు చేసుకుని ఇంటికి పోవచ్చు. దీనికి వీళ్ళు పెట్టుకున్న పేరే విక్టరీ ఫార్మేషన్.

వీళ్ళకీ ఈ తెలివి పుట్టుకతో రాలేదు. 1978 నవంబరు 19న న్యూజెర్సీలో జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు 17-12తో ముందుండి, బంతి తమ దగ్గరే ఉండి, సెకన్లలో ఆట ముగియబోతుంటే ఊరికే ఉండలేక ఇంకొకడి చేతికి అందించబోయారు. బంతి జారింది. హెర్మ్ ఎడ్వర్డ్స్ అనే అవతలి జట్టువాడు ఎత్తుకుని 26 గజాలు పరిగెత్తి తన జట్టుని గెలిపించేశాడు. ఆ ఆట ఆడమని చెప్పిన కోచ్ ఉద్యోగం మర్నాడే ఊడింది. అప్పట్నుంచి మోకాలు వంచడమంటే నామోషీ పోయింది. ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా చేస్తారు.

సరే. రిమోట్ నొక్కబోతుంటే అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "ఆగు నాన్నా, వాళ్ళు వంచట్లేదు!"

నిజమే. క్వార్టర్‌బ్యాక్ బంతిని డాన్ చేనీ అనే కుర్రాడికి అందించాడు. ఆ పిల్లాడు మామూలుగానే, బలంగా, గుంపులోకి దూసుకుపోయాడు. పడుతున్నప్పుడు బంతి చేతిలోంచి ఊడింది. మోకాలు ముందు తగిలిందా, బంతి ముందు జారిందా అని వీడియో ఎన్నిసార్లో తిప్పి చూశారు. మయామీ వాళ్ళు ఇప్పటికీ ముందు మోకాలే తగిలిందంటారు. అంపైర్లు బంతి టెక్‌దే అన్నారు. మిగిలింది 26 సెకన్లు, గీత 74 గజాల దూరంలో ఉంది. మన క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్ ముందు 30 గజాలు విసిరాడు. ఆ తర్వాత విసిరిన 44 గజాల బంతిని క్రిస్టియన్ లియరీ అనే కుర్రాడు ఒక్కడే పట్టుకుని గీత దాటేశాడు. గడియారంలో మిగిలింది ఒక్క సెకను. 23-20.

పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. మీ కోడలు మేడ మీంచి దిగొచ్చి, గుత్తి వంకాయ గిన్నె కార్పెట్ మీద బోర్లా పడి ఉండటం చూసి, గెలిచారా ఓడారా అని కూడా అడగలేదు.

ఇక్కడిదాకా ఆట. అసలు విషయం ఆ తర్వాతది. ఆదివారం నుంచీ ఆఫీసులో, అపార్ట్‌మెంట్ జిమ్‌లో, గుడి పార్కింగులో కూడా ఒకటే మాట: అంత తెలివి తక్కువ కోచ్‌ని ఎక్కడా చూడలేదు అని. నాకు మామూలుగా ఈ ధోరణి నచ్చదు. ఫలితం తెలిశాక అందరూ మొనగాళ్ళే. 2007లో జొహానెస్‌బర్గ్ ఫైనల్ గుర్తుందా? ఆఖరి ఓవర్లో పాకిస్తాన్‌కి పదమూడు పరుగులు కావాలి. హర్భజన్‌కి ఇంకో ఓవర్ మిగిలుండగా ధోనీ జోగిందర్ శర్మకి బంతి ఇచ్చాడు. వైడ్ పడ్డప్పుడు నువ్వు ధోనీని అన్న మాట నేనిక్కడ రాయను, అమ్మ చదువుతుంది. సిక్స్ పడ్డప్పుడు ఇంకో మాట అన్నావట. మిస్బా కొట్టింది శ్రీశాంత్ చేతుల్లో పడగానే "అదిరా కెప్టెన్సీ అంటే" అన్నావని తమ్ముడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. ధోనీ తీసుకున్న నిర్ణయం మారలేదు, ఆ బంతి ఇంకో రెండు గజాలు ఎగిరి ఉంటే మాత్రం నీ తీర్పు మారేది.

కానీ క్రిస్టోబాల్‌ది ఆ కోవలోది కాదు నాన్నా. ఎంత ఆలోచించినా నాకు వాడి తరఫున ఒక్క వాదన దొరకలేదు. ధోనీ పందెంలో పోయేదీ ఉంది, వచ్చేదీ ఉంది. ఇక్కడ వచ్చేది సున్నా. ఆ కుర్రాడు పది గజాలు పరిగెత్తినా గెలుపు అదే, అసలు పరిగెత్తకపోయినా గెలుపు అదే. పోవడానికి మాత్రం మొత్తం ఆట ఉంది. బంతి జారకుండా మయామీ గెలిచి ఉన్నా అది తప్పు నిర్ణయమే. కాకపోతే ఎవరూ గమనించేవాళ్ళు కాదు.

పైగా వాడికిది మొదటిసారి కాదు. 2018 సెప్టెంబరులో ఒరెగాన్‌కి కోచ్‌గా ఉన్నప్పుడు స్టాన్‌ఫోర్డ్ మీద 31-28తో ముందుండి, నిమిషం లోపు ఉందనగా ఇలాగే పరిగెత్తించాడు. ఇలాగే బంతి జారింది. స్టాన్‌ఫోర్డ్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 38-31తో గెలిచింది. ఒకసారి కాలిన చెయ్యి మళ్ళీ అదే పొయ్యిలో ఎందుకు పెట్టినట్టు? వాడు కుర్రతనంలో ఇదే మయామీకి ఆడాడు, ముందు వరసలో నిలబడి అవతలివాళ్ళని తోసే పని. అలాంటివాళ్ళకి ఆటంటే ముందుకు తొయ్యడమే. వెనక్కి తగ్గి గెలవడం చేతకాదు. ఇది నా ఊహే, వాడు చెప్పింది కాదు.

వాడు చెప్పింది వేరే. మ్యాచ్ అయిపోయాక విలేకరుల ముందుకొచ్చి, మోకాలు వంచాల్సింది, నిర్ణయం నాదే, తప్పు నాదే అన్నాడు. బంతి జారవిడిచిన పిల్లాడి మీదకి తొయ్యలేదు. అక్కడ నాకు ఆట మర్చిపోయి మన హైస్కూలు గ్రౌండు గుర్తొచ్చింది.

1990 సంక్రాంతి నాన్నా. కనుమ రోజు కబడ్డీ ఫైనల్. నాకు పన్నెండేళ్ళు. నువ్వు మన జట్టుకి పెద్ద దిక్కువి, గ్రౌండు పక్క కాలవ గట్టు మీద నిలబడ్డావు, నేను నీ వెనకాల ఇటుకల కుప్ప ఎక్కి కూర్చున్నాను. మనం ఒక్క పాయింట్ ముందున్నాం. ఆఖరి కూతకి బాబాయి వెళ్ళాడు. గీత దాటాడు. వెనక్కి తిరగబోయాడు కూడా. ఊరంతా బాబాయి ఆశపడ్డాడనే అంటుంది. నేను చూసింది వేరు. బాబాయి తిరగబోతూ గట్టు వైపు చూశాడు. నువ్వు భుజం మీది తువ్వాలు తీసి ఊపుతూ "ఇంకొక్కటి! ఇంకొక్కణ్ణి తాకు!" అన్నావు. బాబాయి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. మూల ఉన్నవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. అరచెయ్యి మధ్య గీతకి జానెడు దూరంలో మట్టిని గీరుకుంటూ ఆగిపోవడం నాకిప్పటికీ కళ్ళ ముందుంది. స్కోరు సమం, అదనపు ఆటలో ఓటమి. షీల్డూ వెయ్యి నూటపదహార్లూ అవతలి ఊరికి వెళ్ళాయి.

ఆ తర్వాత టీ కొట్లో బాబాయి రెండో టీ అడిగితే చాలు, "ఏం, ఇంకొక్కటి కావాలా?" అని నవ్వేవాళ్ళు. పెళ్ళిలో లడ్డూ వడ్డించేవాడు కూడా అదే మాట. పిల్లలం మేమూ అన్నాం, నేనూ అన్నాను, తెలిసి కూడా. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో బాబాయి ఒక్కనాడూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఆ తర్వాతి ఏడు బాబాయి జట్టులోకి రానన్నాడు, ఎరువుల కొట్టు పని ఎక్కువైందని. ఎరువుల కొట్టుకి సంక్రాంతి నాడు ఏం పని నాన్నా?

నిన్ను నిలదియ్యడానికి రాయలేదు. చుట్టూ అంత గోలలో, రెండు వేల మంది పండగ జనం మధ్య, నువ్వు అరిచింది నీకే గుర్తులేకపోయి ఉండొచ్చు. లేదా గుర్తుండీ, ఇన్నేళ్ళయ్యాక ఎలా ఎత్తాలో తెలియక ఊరుకున్నావేమో. నేనూ అంతే కదా, ముప్ఫై మూడేళ్ళు పట్టింది ఇది రాయడానికి, అదీ ముక్కూమొహం తెలియని ఒక మయామీ కోచ్ టీవీలో తల దించుకుంటే.

జనవరిలో సెలవు దొరికేలా ఉంది. పన్నెండో తారీఖుకి టికెట్లు చూస్తున్నాను, అమ్మాయికి క్లాసులు మొదలవుతాయి కాబట్టి అది రాదు. కనుమ రోజు బాబాయినీ నిన్నూ టీ కొట్టుకి తీసుకెళ్తాను. ఈ ఉత్తరం ఈలోపు బాబాయికి చూపించడం, చూపించకపోవడం నీ ఇష్టం.

చెవి మెషీన్ బ్యాటరీలు తమ్ముడి పేరు మీద పంపాను, రెండు వారాల్లో అందుతాయి. వాటిని దేవుడి గదిలో దాచుకోకుండా వాడు. అమ్మని కషాయం గురించి బెంగపడొద్దని చెప్పు. గోంగూర మాత్రం ఈసారి ఉప్పు తక్కువ వేసి పెట్టమను, పోయినసారిది నోట్లో పెట్టుకోలేకపోయాం.

నీ
పెద్దోడు