బోరు బండి ముందు ప్రార్థన

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే దేవరకొండ, మునుగోడు వైపు మళ్లీ బోర్ల గోల మొదలు. అడుగంటిన నీళ్ల గురించి, ఎండిపోయిన బత్తాయి తోటల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి గానీ వాటిలో రాని సంగతి ఒకటుంది. అది మా క్రైస్తవుల ఇళ్లల్లో జరిగేది కాబట్టి మాలో ఒకరు రాస్తేనే బాగుంటుందని రాస్తున్నాను. అప్పు తెచ్చి బోరు మీద బోరు వేయడాన్ని మావాళ్లు కొందరు విశ్వాసం అంటున్నారు.

బోరు వేసే ముందు ప్రార్థన చేయించుకోవడంలో తప్పేమీ లేదు. విత్తనం వేసే ముందు చేస్తాం, పిల్లను కాలేజీలో చేర్చే ముందు చేస్తాం, చేయాలి కూడా. నా బాధ ఆ తర్వాత జరిగేదాని గురించి. బండి వస్తుంది, కేసింగ్ దిగుతుంది, బూడిద రంగు దుమ్ము లేచి చెట్ల మీద, మనుషుల నెత్తుల మీద పడుతుంది, ఒకచోట కాస్త తడి మట్టి కనపడగానే అందరూ స్తోత్రం స్తోత్రం అంటారు, ఇంకొంచెం కిందికి పోగానే మళ్లీ పొడి దుమ్మే. బండి మీది పిలగాడు రాడ్లు లెక్కపెట్టుకుంటూ నోటుబుక్కులో రాసుకుంటుంటాడు, లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. చివరికి ఇంజన్ తగ్గించి "ఇంకా దించాల్నా, ఆపాల్నా?" అని అడుగుతాడు. రైతు, ప్రార్థనకు వచ్చిన పాస్టరు అయ్యగారి మొహం చూస్తాడు. అయ్యగారు మాత్రం ఏం చేస్తారు పాపం, ఆపమంటే ఆయన విశ్వాసం మీదే అనుమానం వస్తుంది, అందుకని "ఇంకో వంద చూద్దాం, దేవుడున్నాడు" అంటారు. ఆ వంద అడుగుల డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. పైన మెత్తబడిన పొరలో కొన్ని నీళ్లు, దాని కింద రాతి పగుళ్లలో కొన్ని నీళ్లు, అంతే. పగులు తగిలితే పడతాయి, తగలకపోతే ఎంత లోతు పోయినా దుమ్మే, తగిలిన పగులు కూడా వాన ఇంకితేనే మళ్లీ నిండుతుంది. ఈ నేలను ఇట్లా చేసింది దేవుడే కదా, దాని గుణం తెలుసుకుని మసలుకోవడం అవిశ్వాసం ఎట్లా అవుతుంది? నీళ్లు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోరు వేసే ముందు అనుమతి తీసుకోమంటుంది, అదెవరూ అడగరు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు ఇక్కడే ఉన్నాయని పాయింటు పెట్టేవాళ్లను చూసి మూఢనమ్మకం అని మేము నవ్వుతాం, మళ్లీ అదే పాయింటు మీద ప్రార్థన నూనె పోస్తాం!

సాతాను యేసును దేవాలయం శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను పట్టుకుంటారు అన్నాడు. వాక్యం ఎత్తి చూపించి మరీ అన్నాడు. యేసు దూకలేదు, దేవుణ్ణి పరీక్షించకూడదు అన్నాడు. తండ్రి మీద ఆయనకు నమ్మకం లేకనా? ఇల్లు గడవడానికి ఉన్న కాస్త భూమిని కుదువ పెట్టి నాలుగో బోరుకు దిగడం ఆ శిఖరం మీంచి దూకడం కిందికే వస్తుందని నా అభిప్రాయం, కోపం వచ్చేవాళ్లకు రానీ.

ఇంకో సంగతి. నల్గొండ, పాలమూరు పాత సంఘాల వేర్లు తెలుగు బాప్టిస్టు మిషన్‌లో ఉన్నాయి. ఆ మిషన్ తరఫున ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు ఇప్పించాడని ప్రసంగాల్లో ఊపుగా చెబుతారు. దానికి ముందు జరిగింది చెప్పరు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్నవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ప్రార్థించే మనిషే, కానీ కరువు వస్తే గడ్డపార, తట్ట చేతికిచ్చాడు. మాకు 2,222 గుర్తుంది, కాలువ గుర్తు లేదు.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం. నీళ్లు పడినాయన ముందుకొచ్చి మైకులో చెబుతాడు, చప్పట్లు. పడనాయన వెనక గోడకు ఆనుకుని కూర్చుంటాడు, బయటికొచ్చాక ఎవరో ఒకరు "విశ్వాసం తక్కువైందేమో అన్నా" అంటారు. అప్పుకు తోడు ఇదొకటి. హబక్కూకు ప్రవక్త చెట్టు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్లో పశువులు లేకపోయినా నేను దేవునిలో ఆనందిస్తానన్నాడు. మన మెట్ట నేలల కోసమే చెప్పినట్టుంటుంది. ఆ వెనక కూర్చున్నాయన లేచి, బోరు ఫెయిలైంది, ఈసారి ఆముదాలు, కందులు వేసుకుంటున్నా, దేవుణ్ణి మాత్రం వదల్లేదు అని చెబితే అది సాక్ష్యం కాదా? అట్లా చెప్పిన మనిషికి ఒక్కసారైనా చప్పట్లు కొట్టామా?

నమ్మకం పెరిగేది బోరు బండి దగ్గర కాదు, ఇంట్లో. దేవుడి మాటల గురించి కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండంలో ఉంది. మా అమ్మ తరం ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టాక సోలలోంచి పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేవాళ్లు, అది సంఘానికి. సోల నిండని రోజు కూడా తీసేవాళ్లు, ఆ పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ మానేవాళ్లు కాదు. అది చూసిన పిల్లలకు దేవుడి మీద ఆధారపడడం అంటే ఏందో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో అద్భుతాలు అడుగుతాం గానీ, "ఈ నెల మిత్తి కట్టలేదు తండ్రీ, రేపు పోయి గడువు అడగాలి, సిగ్గుపడకుండా నిజం చెప్పే ధైర్యం ఇయ్యి" అని పిల్లల ముందు అడిగే తండ్రులు ఎంతమంది? పత్తి ఏరిన కూలోళ్ల పైసలు ఆ పొద్దే ఇచ్చేయడం కూడా ఆ ప్రార్థనలో భాగమే, వాక్యంలో అది సూటిగానే రాసి ఉంది.

అయ్యగార్లకు ఒక మనవి. బోరు దగ్గరికి పిలిస్తే ముందురోజు రాత్రే ఆ ఇంటికి పోండి. ఇంటామెను కూడా కూర్చోబెట్టి పాత బాకీ ఎంతుందో అడగండి, చాలా ఇళ్లల్లో ఆమెకు సగమే తెలుసు, ఆ రాత్రి కొంచెం గొడవైనా పర్వాలేదు. అప్పటికీ వేద్దామనుకుంటే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ముందే రాసుకుని ఇద్దరూ ఒప్పుకున్నాక ప్రార్థన చేయండి.

సంపాదకులకూ ఒక మనవి. భూగర్భ జల శాఖ నెలనెలా కొలిచే నీటిమట్టాలను మండలాల వారీగా జిల్లా పేజీలో వేయండి, అక్షరాలు కొంచెం పెద్దగా. కత్తిరించి మా చర్చి నోటీసు బోర్డుకు అంటిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా